తీసేస్తే తీసేయండి, ఎందుకో మాత్రం చెప్పండి

జట్టులోంచి ఎవరిని తీసేసినా నాకు అభ్యంతరం లేదు. నాకు ప్రాణమైన ఆటగాడైనా సరే. ఆడేది పదకొండు మందే కాబట్టి పన్నెండోవాడు బాధపడక తప్పదు, అది ఆటలో ఉన్నదే. నా కోపమంతా తీసేసిన తర్వాత పైవాళ్లు నోరు విప్పకపోవడం మీద. చిన్నప్పటి నుంచి క్రికెట్ చూస్తూ, పేపర్లో స్పోర్ట్స్ పేజీతోనే పొద్దు మొదలుపెట్టే మనిషిగా చెప్తున్నాను, మన దగ్గర పెద్దవైన వివాదాల్లో చాలావాటికి మూలం ఆ మౌనమే. అందులోంచి పుకారు పుడుతుంది, దాని వెనకాలే కులం, ప్రాంతం, పార్టీ అన్నీ వచ్చి చేరతాయి, ఆఖరికి దెబ్బ తినేది గ్రౌండ్‌లో ఆడే మనిషే.

ముందు మన ఆంధ్ర జట్టు సంగతే చెప్తాను. ఆ గొడవలో మా తిరుపతి పేరు కూడా నలిగింది కాబట్టి నాకది ఇప్పటికీ మంటగానే ఉంటుంది.

2024 జనవరిలో రాష్ట్రాల జట్లు ఆడే రంజీ ట్రోఫీ సీజన్ మొదలైంది. బెంగాల్‌తో మొదటి మ్యాచ్ అయిపోగానే హనుమ విహారి కెప్టెన్సీ వదిలేశాడు. వ్యక్తిగత కారణాలన్నారు. రికీ భుయ్ కెప్టెన్ అయ్యాడు, జట్టు బాగా ఆడింది, ఆ సీజన్‌లో రికీ 902 పరుగులు కొట్టి రంజీలో అందరికంటే పైన నిలిచాడు. క్వార్టర్ ఫైనల్లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్ చేతిలో ఓడిపోయాం. తేడా 4 పరుగులు. నాలుగంటే నాలుగే. ఆ బాధలో ఉండగానే, అదే రోజు ఫిబ్రవరి 26న విహారి ఇన్‌స్టాగ్రామ్‌లో అసలు కథ రాశాడు. బెంగాల్ మ్యాచ్‌లో జట్టులోని 17వ ఆటగాడి మీద అరిచానని, ఆ కుర్రాడు రాజకీయ నాయకుడైన తండ్రికి చెప్పుకున్నాడని, ఆ తండ్రి ఆంధ్ర క్రికెట్ సంఘం మీద ఒత్తిడి తెచ్చాడని, తన తప్పేమీ లేకపోయినా కెప్టెన్సీ వదులుకోమన్నారని, ఇక జన్మలో ఆంధ్రకు ఆడనని. తోటి ఆటగాళ్లు సంతకాలు పెట్టిన ఉత్తరం కూడా బయటపెట్టాడు. అవతల ఆ కుర్రాడు కూడా ఊరుకోలేదు, ఎవరైనా సరే బూతులు తిడితే పడేది లేదన్నాడు. సంఘమేమో విహారి నోటి దురుసు మీద తమకు ఫిర్యాదులున్నాయని, విచారణ చేస్తామని అంది.

ఆ తండ్రి తిరుపతి నాయకుడని వార్తల్లో వచ్చేసరికి మా దగ్గర ఏం జరిగిందో చెప్పాలి. బాలాజీ కాలనీలో టీ కొట్ల దగ్గర అప్పటిదాకా ఆ 4 పరుగుల గురించి మాట్లాడుకుంటున్నవాళ్లు ఒక్క పూటలో పార్టీలుగా చీలిపోయారు. ఎవడు ఏ పార్టీయో తెలిస్తే చాలు, విహారిది తప్పంటాడో రైటంటాడో వాడు నోరు తెరవకముందే చెప్పేయొచ్చు. ఆ రోజు విహారి రెండో ఇన్నింగ్స్‌లో ఎలా ఆడాడు, ఆఖరి వికెట్లు ఎలా పడ్డాయి అని అడిగినవాడు ఒక్కడు కనపడలేదు. వాదనలో ఒకాయన ఇంకో ఆయన్ని "ఏమప్పా, నువ్వు మ్యాచ్ చూసినావా, టీవీలో చర్చ చూసినావా?" అని గట్టిగా అడిగాడు. నాకు అడగాలనిపించిన ప్రశ్న కూడా అదే.

ఎవరిది తప్పు? నా అభిప్రాయం చెప్తాను. కెప్టెన్ అరుస్తాడు, అది మామూలే. బూతులు తిట్టాడంటే మాత్రం అది తప్పు, ఎంత పెద్ద ఆటగాడైనా మినహాయింపు ఉండకూడదు. కాబట్టి జనవరిలోనే సంఘం బయటికొచ్చి "ఫలానా రోజు డ్రెస్సింగ్ రూమ్‌లో ఇది జరిగింది, మేనేజర్ రిపోర్టు ఇది, అందుకే కెప్టెన్‌ని మారుస్తున్నాం" అని నాలుగు ముక్కలు చెప్పి ఉంటే ఏమయ్యేది? రెండు రోజులు వాదించుకునేవాళ్లం, సరైన నిర్ణయమని కొందరు, అన్యాయమని కొందరు, అక్కడితో అయిపోయేది. చెప్పలేదు. ఒకటిన్నర నెల ఆ మనిషి లోపల కుమిలిపోతూ అదే జట్టుకు ఆడాడు, సీజన్ అయిపోగానే బద్దలయ్యాడు.

ఆ మనిషి ఎవరనేది కూడా మర్చిపోకూడదు. 2021 జనవరి 11, సిడ్నీ. తొడ కండరం పట్టేసి పరుగు తీయలేని స్థితిలో 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలబడ్డాడు. నడుం పట్టేసిన అశ్విన్ అవతలి ఎండ్‌లో. ఆ టెస్టు డ్రా అవడమే గెలుపంత అయింది మనకి. 2023 ఫిబ్రవరిలో ఇదే ఇండోర్‌లో, ఇదే మధ్యప్రదేశ్ మీద, అవేశ్ ఖాన్ బంతికి మణికట్టు విరిగితే, ఈ కాకినాడ కుర్రాడు కుడిచేతి వాటం బ్యాట్స్‌మన్ అయ్యుండి ఎడమచేతి వాటంగా నిలబడి ఒంటిచేత్తో బ్యాటింగ్ చేశాడు. ఆంధ్ర కోసం. అలాంటివాడికి సంఘం ఎదురుగా కూర్చోబెట్టి కారణం చెప్పి, అదే కారణాన్ని బయట కూడా చెప్పాల్సిన బాధ్యత ఉందా లేదా?

తర్వాత ఏమైందో తెలుసుగా. ఎన్నికలయ్యాయి, ప్రభుత్వం మారింది, విహారి మంత్రి నారా లోకేశ్‌ను కలిశాడు, మళ్లీ ఆంధ్రకు ఆడాడు. సంఘం పాలకవర్గం కూడా మారింది. 2025కి వచ్చేసరికి ఆయన త్రిపుర జట్టుకు వెళ్లిపోయాడు. ఒక ఆటగాడు వెళ్లిపోవడానికీ తిరిగి రావడానికీ రాజకీయమే దారి అయితే, రేపు ఇంకో కుర్రాడు ఏం నేర్చుకుంటాడు? నెట్స్‌లో గంట ఎక్కువ ఆడటం కంటే నాయకుడి ఇంటి ముందు గంట నిలబడటం మేలని నేర్చుకుంటాడు.

ఇంకో విషయం ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. విహారి వ్యక్తిగత కారణాలంటూ తప్పుకున్న జనవరిలోనే విరాట్ కోహ్లి కూడా ఇంగ్లండ్ టెస్టుల నుంచి అదే మాటతో తప్పుకున్నాడు. కోహ్లి విషయంలో అది నిజం, ఫిబ్రవరిలో వాళ్లకు రెండో బిడ్డ పుట్టాడు. ఆయన కుటుంబాన్ని వదిలేయండని బోర్డు ముందే వేడుకుంది. అయినా వదిలారా? వాళ్లమ్మకు ఒంట్లో బాగోలేదని పుకారు పుట్టించారు, వాళ్లన్నయ్య బయటికొచ్చి అది అబద్ధమని చెప్పుకోవాల్సి వచ్చింది. ఎందుకు నమ్మరంటే, ఆ మాటను దాపరికానికి అన్నిసార్లు వాడేశారు కాబట్టి. నిజంగా ఇంట్లో అవసరమొచ్చిన ఆటగాడికి ఆ మాట అక్కరకు రాకుండా పోయింది.

అంబటి రాయుడు దగ్గరికొస్తాను. తిరుపతిలో రాయుడంటే రెండు రకాల ప్రేమ. ఒకటి గుంటూరు వాడు, మనవాడు. రెండోది, మాకు హైదరాబాద్ కంటే చెన్నై చాలా దగ్గర, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాం, అందుకే ఇక్కడ వీధికో పసుపు జెర్సీ కనపడుతుంది. 2018 ఐపీఎల్‌లో చెన్నై తరఫున రాయుడు 602 పరుగులు కొట్టినప్పుడు మా ఇంట్లో సన్‌రైజర్స్ అభిమానులు కూడా చప్పట్లు కొట్టారు. ఆ ఏడాది అక్టోబరులో నాలుగో నంబరుకు రాయుడే, వరల్డ్ కప్ దాకా అవకాశాలిస్తామని కోహ్లి చెప్పాడు. 2019 ఫిబ్రవరిలో వెల్లింగ్టన్‌లో 18 పరుగులకు 4 వికెట్లు పోయిన చోట 90 కొట్టాడు. ఏప్రిల్ 15న జట్టు ప్రకటిస్తే పేరు లేదు.

ఇక్కడ నేను న్యాయంగా మాట్లాడాలి. చీఫ్ సెలక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ ఆ రోజు కారణం చెప్పాడు: విజయ్ శంకర్ బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేసే మూడు డైమెన్షన్ల ఆటగాడని. నాకు ఆ నిర్ణయం నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు, కానీ కారణమంటూ ఒకటి ఉంది, దాని మీద వాదించుకోవచ్చు. వరల్డ్ కప్ చూడటానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డర్ పెట్టానని రాయుడు ట్వీట్ చేస్తే అదీ ఆ వాదనలో భాగమే. అసలు గాయం తర్వాత తగిలింది. రాయుడిని స్టాండ్‌బైలో పెట్టారు. ధావన్ గాయపడితే పంత్ వెళ్లాడు. విజయ్ శంకర్ గాయపడితే అప్పటికి ఒక్క వన్డే కూడా ఆడని మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. ఎందుకు? ఎడమచేతి వాటం కావాలన్నారని, ఓపెనర్ కావాలన్నారని ప్రసాద్ వివరంగా చెప్పాడు. బాగానే చెప్పాడు. చెప్పింది జూలై 21న, వరల్డ్ కప్ అయిపోయాక. రాయుడు జూలై 3నే రిటైర్మెంట్ రాసిచ్చేశాడు. 55 వన్డేలు, 47 సగటు ఉన్న బ్యాట్స్‌మన్. మూడు వారాల ముందు ఆ రెండు వాక్యాలు చెప్పి ఉంటే ఆయన రిటైర్ అయ్యేవాడా అంటే నేను చెప్పలేను, కానీ గుంటూరు సెలక్టర్ గుంటూరు ఆటగాడిని పగబట్టి తొక్కాడనే చెత్తంతా ఇంటింటికీ చేరేది కాదు. ఆ మూడు వారాలు పుకార్లకు పండగ.

ఆస్ట్రేలియా ఓపెనర్ డేవిడ్ వార్నర్ కథ అందరికీ గుర్తే. 2016లో సన్‌రైజర్స్‌కి కప్పు తెచ్చాడు, ఐపీఎల్‌లో అందరికంటే ఎక్కువ పరుగులు కొట్టినవాడికిచ్చే ఆరెంజ్ క్యాప్ మూడుసార్లు పెట్టుకున్నాడు, మన పాటలకు ఇంటిల్లిపాదితో స్టెప్పులేశాడు. 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ పోయింది, తర్వాత జట్టులో చోటు పోయింది, ఆఖరికి గ్యాలరీలో కూర్చుని జెండా ఊపుతూ కనపడ్డాడు. కెప్టెన్సీ ఎందుకు తీశారో తనకెవరూ చెప్పలేదని తర్వాత ఆయనే అన్నాడు. అదే నవంబరులో ఆస్ట్రేలియా టీ20 వరల్డ్ కప్ గెలిస్తే ఆ టోర్నీలో బెస్ట్ ప్లేయర్ ఆయనే. ఫామ్ లేదు కాబట్టి తీశామని ఒక్కమాట అనుంటే, ఆ రోజుల్లో లెక్క ప్రకారం అది తప్పు మాట కూడా కాదు.

మౌనం ఖరీదు ఎవరు కడతారో స్పష్టంగా చూడాలంటే హార్దిక్ పాండ్యా 2024 ఐపీఎల్ చూడండి. ముంబై కెప్టెన్సీ రోహిత్ నుంచి తీసి హార్దిక్‌కి ఇచ్చారు. సీజన్ ముందు ప్రెస్‌మీట్‌లో కోచ్ మార్క్ బౌచర్, హార్దిక్ పక్కపక్కనే కూర్చున్నారు. రోహిత్‌ను ఎందుకు తప్పించారని విలేకరి అడిగాడు. ఇద్దరూ పలకలేదు. నిర్ణయం తీసుకున్న యాజమాన్యం గదిలోనే లేదు. ఆ తర్వాత అహ్మదాబాద్‌లో, హైదరాబాద్‌లో, ఆఖరికి సొంత వాంఖడేలో కూడా జనం ఆ మనిషిని చూసి అరిచారు, తిట్టారు. టాస్‌కి వస్తే అరుపులు, బంతి ఆపితే అరుపులు. అడగాల్సిన ప్రశ్న ఒకరిని, కొట్టింది ఇంకొకరిని. జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో ఆఖరి ఓవర్‌కి 16 పరుగులు కాపాడి 7 పరుగులతో కప్పు గెలిపించి మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చింది ఆ హార్దికే. నేను ఆ రాత్రి ఆయన్ని చూసి కన్నీళ్లు పెట్టుకున్నాను, ఆ ఏప్రిల్‌లో అరిచినవాళ్ల మీద నాకున్న కోపం మాత్రం ఇంకా పోలేదు.

చెప్తే ఏమవుతుందో కూడా చూశాం కదా. 2025 జనవరిలో సిడ్నీ టెస్టుకు కెప్టెన్ రోహిత్ పక్కకు తప్పుకున్నాడు. టాస్ ముందు రోజు దాకా కోచ్ గంభీర్ ఏమీ తేల్చలేదు, దేశమంతా రిటైర్మెంట్ అని మోతెక్కించింది. రెండో రోజు లంచ్‌లో రోహిత్ మైకు తీసుకుని, నా బ్యాట్‌కు పరుగులు రావడం లేదు, ఫామ్‌లో లేనివాళ్లను ఎక్కువమందిని ఆడించలేం, అందుకే నేనే ఆగాను, రిటైర్ అవడం లేదు అన్నాడు. అంతే, ఆ పుకారు ఆ గంటలో చచ్చిపోయింది. అదే నెల 18న చాంపియన్స్ ట్రోఫీ జట్టులో సిరాజ్ లేడు. పక్కన అప్పటి చీఫ్ సెలక్టర్ అగార్కర్ కూర్చుని ఉండగా రోహితే చెప్పాడు: కొత్త బంతి ఇవ్వకపోతే సిరాజ్ ప్రభావం తగ్గుతోందని. మన హైదరాబాద్ కుర్రాడి గురించి అలా అంటే నాకు ఒళ్లు మండింది. కానీ సిరాజ్ పక్షాన ఆలోచించండి. తనలో ఏం తక్కువైందో తెలిసింది, దాని మీద పని చేసుకోవచ్చు. ఏప్రిల్‌లో ఉప్పల్‌లోనే సన్‌రైజర్స్ మీద 17 పరుగులకు 4 వికెట్లు తీశాడు. ఇంగ్లండ్‌లో ఐదు టెస్టులూ ఆడి 23 వికెట్లు. ఓవల్‌లో నాలుగో రోజు బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కేశాడు, బ్రూక్ 19 నుంచి 111కి వెళ్లాడు, వేరేవాడైతే ఆ రాత్రి నిద్రపోలేడు. మర్నాడు పొద్దున ఆగస్టు 4న వచ్చి అట్కిన్సన్ స్టంప్ లేపేశాడు. 6 పరుగులతో గెలిచాం. ఈ మొత్తంలో సిరాజ్ నోటి నుంచి వివాదమంటూ ఒక్కటి రాలేదు.

అమ్మాయిల జట్టు ఇంకా నయం. 2025 వరల్డ్ కప్‌లో సెమీస్ ముందు ప్రతీకా రావల్ గాయపడితే, గాయం ఇది, బదులు షెఫాలీ వస్తోందని చెప్పేశారు. ఎవరికీ వంకర ప్రశ్నలు అడిగే పని పడలేదు. షెఫాలీ ఫైనల్లో 87 కొట్టింది, కప్పు వేడుకలో ప్రతీకా వీల్‌చెయిర్‌లో కూర్చుని జట్టుతోనే ఉంది. ఆ జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి 14 వికెట్లు తీసిందని ఇక్కడ చెప్పకుండా ఉండలేను.

అశ్విన్ సంగతి నాకు ఇంకా మింగుడుపడదు. 537 టెస్టు వికెట్లు తీసినవాడు 2024 డిసెంబరులో సిరీస్ మధ్యలో బ్రిస్బేన్‌లో వెళ్లొస్తానన్నాడు. మర్నాడు వాళ్ల నాన్న మైకు ముందు అవమానాలు ఎన్నాళ్లు భరిస్తాడని అన్నారు. నాన్నను వదిలేయండి, ఆయనకు మీడియాతో మాట్లాడటం అలవాటు లేదని అశ్విన్ సర్దిచెప్పాడు. కొడుకు బాధ తండ్రి నోట్లోంచి వస్తే దాన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

తిరుమలలో దర్శనం చేసుకుని మహాద్వారం దాటి బయటికొచ్చిన ఏ ఆటగాడినైనా చూడండి. పంచె, కండువా, నుదుట నామం, చేతిలో ప్రసాదం. ఆ నాలుగడుగుల్లోనే మైకులు ముట్టడిస్తాయి: జట్టులో చోటు గురించి ఏమంటారు, ఫలానా వ్యాఖ్య మీద మీ స్పందన ఏంటి? మెల్‌బోర్న్‌లో 114 కొట్టొచ్చిన నితీశ్ కుమార్ రెడ్డి 2025 జనవరిలో మెట్ల మీద మోకాళ్లతో ఎక్కుతున్న వీడియో మీరూ చూసుంటారు. మొక్కు తీర్చుకోవడానికొచ్చిన ఆ వయసు కుర్రాడిని సెలక్షన్ల గురించి అడిగి ఏం లాభం? కాంట్రాక్టు ఆయన నోటికి తాళం వేస్తుంది. నిర్ణయం తీసుకున్న సెలక్టర్‌ని, సంఘం కార్యదర్శిని అదే పట్టుదలతో అడగండి, నేనూ మీ వెనకాల నిలబడతాను.

ఇంట్లో సంగతులు మాత్రం నాకొద్దు. ఎవరి పెళ్లి నిలబడింది, ఎవరి పెళ్లి చెడింది, ఎవరు ఎవరితో కనపడ్డారు, ఇవి టీమ్ న్యూస్ ఎలా అవుతాయి? గాయాల్లో కూడా ఎంత చెప్పాలనేది ఆటగాడి ఇష్టం. నేనడిగేది జట్టు నిర్ణయానికి ఆటకు సంబంధించిన కారణం ఒక్కటే.

ఇదంతా పెద్దవాళ్ల గొడవని ఎవరైనా అంటే మా అక్క కొడుకుని చూపిస్తాను. పిల్లల సెలక్షన్లకు వెళ్లాడు, ఏ సంఘమో ఏ ఊరో రాయను. నెట్స్‌లో ఒక్కొక్కడికి రెండు ఓవర్లు కూడా రాలేదు, ఎండలో తల్లులు క్యారియర్లు పట్టుకుని చెట్టుకింద సాయంత్రం దాకా కూర్చున్నారు. లిస్టు రాత్రి ఫోన్‌లో వచ్చింది. వాడు ఆ పేర్లను వేలితో పైకీ కిందికీ జరుపుతూ, తన పేరు ఎక్కడో తప్పిపోయిందేమో అన్నట్టు వెతికాడు. తర్వాత నన్నడిగాడు, "మామా, నా ఆటలో ఏం తక్కువంట?" కోచ్‌ని అడిగితే లిస్టు పైనుంచి వచ్చిందన్నాడు. మర్నాటికి వాడి స్నేహితులు జవాబు కనిపెట్టేశారు: ఫలానావాడి మామ ఫలానా నాయకుడి దగ్గర ఉంటాడంట. అది నిజమో కాదో ఎవరికీ తెలియదు. ఎంపికైన ఆ పిల్లాడు నిజంగా బాగా ఆడేవాడే అయితే వాడికీ అన్యాయమేగా? పరీక్ష తప్పినవాడికి కూడా మార్కుల మెమో ఇస్తారు, ఏ సబ్జెక్టులో పోయిందో తెలుస్తుంది. బ్యాక్‌ఫుట్ మీద బలహీనం, ఫీల్డింగ్‌లో నెమ్మది అని ఒక్క ముక్క రాసిచ్చి ఉంటే వాడు మర్నాడు పొద్దున్నే లేచి అదే ప్రాక్టీస్ చేసేవాడు. వారం రోజులు బ్యాట్ ముట్టలేదు.

కారణం చెప్తే సెలక్టర్‌ని జనం తిడతారు కదా అని మా స్నేహితుడొకడు వాదిస్తాడు. తిడతారు, నిజమే. చెప్పకపోయినా తిడుతున్నారు, అప్పుడు సెలక్టర్‌తో పాటు ఆటగాడినీ, వాడి అమ్మానాన్ననీ, కులాన్నీ కలిపి తిడుతున్నారు. వందల మంది పిల్లలకు ఎలా రాస్తారంటాడు ఇంకొకడు. నెట్స్ పక్కన కుర్చీ వేసుకున్న సెలక్టర్ చేతిలో ఎలాగూ నోట్‌బుక్ ఉంటుంది, అందులో పేరు పక్కన టిక్కో ఇంటూనో పెడుతూనే ఉంటాడు. ఆ ఇంటూ పక్కన నాలుగు మాటలు రాస్తే చాలు.

అందుకే మా గ్రౌండ్‌లో ఆడే పిల్లల తల్లిదండ్రులం కొందరం కలిసి జిల్లా సంఘానికి అర్జీ రాస్తున్నాం. అడుగుతున్నది మూడే: లిస్టుతో పాటు సెలక్టర్ల పేర్లు వేయాలి, ఎంపిక కాని ప్రతి పిల్లాడికి ఏం మెరుగుపరుచుకోవాలో ఒక్క వాక్యం రాసివ్వాలి, అభ్యంతరముంటే వినడానికి ఒక రోజు పెట్టాలి. చిత్తూరు, శ్రీకాళహస్తి, మదనపల్లె వైపు నుంచి పిల్లల్ని సెలక్షన్లకు తీసుకొచ్చేవాళ్లు ఎవరైనా సంతకం పెడతామంటే ఆదివారం పొద్దున యూనివర్సిటీ గ్రౌండ్‌కి రండి. ప్రాక్టీస్ ఆరింటికి మొదలవుతుంది, కాగితం మా దగ్గరే ఉంటుంది.